కేబులు మోడెము తంతులలో ఎగువదారిని పరీక్షించు విధము

2020వ సంవత్సరమున మహమ్మారి కారణమున పాఠశాలలు మూయబడి, పాఠములు ఇంటర్నెట్టు మూలమున చెప్పవలసి వచ్చినప్పుడు ఒక విపరీతము తఱచుగా కనబడుచుండెను. ఇంటనున్న బాలునకు ఉపాధ్యాయుని మాట స్పష్టముగా వినబడును. నల్లబల్లమీది లెక్కయు తెఱమీద నిలుకడగా కనబడును. కాని ఆ బాలుడు చెప్పిన జవాబు మాత్రము తునుకలై వచ్చును, లేదా బొత్తిగా రాదు. తల్లి ప్రక్కనుండి వినుచునే యున్నది. పిల్లవాడు సరిగానే చెప్పినాడు. అవతల ఉపాధ్యాయుడు వానికి జవాబు తెలియదని యెంచి మఱియొకని పేరు పిలుచును. ఇట్లు చెప్పినవాడు చెప్పనివానితో సమానమగుట చిన్న నష్టము కాదు. వేగమును కొలుచు యాప్‌లలో జనులు మొదట చూచునది ఇంటికి వచ్చు వేగము. అది నిండుగానే యుండవచ్చును. కేబులు మోడెములు గల యిండ్లలో దోషము తఱచుగా ఇంటినుండి కేంద్రమునకు పోవు దారిలో దాగియుండును. ఆ దారికి అప్‌స్ట్రీమ్ అని పేరు; మేము దానిని ఎగువదారి యందుము. దానిని పరికరముతో నెట్లు పరీక్షింతురో యీ వ్యాసమునందు తెలుపదలచితిమి.

మన దేశమున కేబులు టెలివిజను 1991 గల్ఫ్ యుద్ధకాలమునుండి వీధివీధికి వ్యాపించెను. ఆ తీగలు వేసినవారి యుద్దేశము కంట్రోలు రూమునుండి బొమ్మను ఇండ్లకు పంపుట యొక్కటే. ఇంటినుండి తిరిగి పోవలసినదేదియు లేకుండెను. 1997లో అమెరికాలోని కేబుల్‌ల్యాబ్స్ అను సంస్థ డాక్సిస్ అను నియమావళి మొదటి కూర్పును ప్రకటించి, ఆ తీగమీదనే ఇంటర్నెట్టు రాకపోకలకు మార్గము నేర్పఱచినది. తెలుగునాట హైదరాబాదు, విశాఖపట్టణములవంటి నగరములయందు 2000 తరువాతి దశాబ్దమున ఈ సేవ వాడుకకు వచ్చెను. అయితే తీగయందలి విశాలమైన చోటంతయు అప్పటికే టెలివిజను చానళ్లు ఆక్రమించియుండెను. ఎగువదారికి మిగిలినది అడుగున నున్న యిఱుకు గది మాత్రమే: అమెరికాలో 5 మొదలు 42 మెగాహెర్ట్జ్ వఱకు, ఐరోపాలో 5 మొదలు 65 వఱకు. 2013లో వచ్చిన డాక్సిస్ 3.1 కూర్పు దీనిని 204 వఱకు పెంచుకొనుటకు అనుమతించినది. కాని వీధి స్తంభములమీది పాత యాంప్లిఫైయర్లను మార్చనిచో ఆ యనుమతి కాగితముమీదనే యుండును.

ఇఱుకుదనము ఒక కష్టము. అంతకంటె పెద్ద కష్టము మఱియొకటి కలదు. మన ప్రాంతపు నీటి దారులను తలచుకొనిన అది సులభముగా బోధపడును.

ప్రకాశము బ్యారేజికడ బయలుదేఱిన కాలువ నీరు చీలుచు చీలుచు పోవును: పెద్ద కాలువనుండి చిన్న కాలువకు, దానినుండి బోదెకు, బోదెనుండి మడికి. ఒక రైతు మడిలో మట్టి కలసిన, అది వాని మడిలోనే నిలుచును. పై కాలువ చెడదు. కేంద్రమునుండి ఇండ్లకు వచ్చు దిగువదారి అట్టిది. బుడమేరు సంగతి వేఱు. మైలవరము, కొండపల్లి కొండలలో పుట్టిన వాగులన్నియు దానిలో చేరును. ఏ వాగును తాను వేఱుగ భయంకరము కాకపోవచ్చును. అన్నియు ఒక్కచోట కలసినప్పుడు ఏమగునో 2024 సెప్టెంబరు మొదటి దినములలో విజయవాడవారు చూచిరి. మన యిబ్రహీంపట్నము ప్రక్కన కృష్ణలో కలియు మళ్లింపు కాలువ గట్లు తెగిన వార్తయు మీరు మఱచియుండరు. కేబులులోని ఎగువదారి బుడమేరువంటిది. అందు ప్రతి యింటి మాటయు, ఆ మాటతోపాటు ప్రతి యింటి చెత్తయు, ఒక్క ద్వారముననే కేంద్రమును చేరును.

చెత్త యనగా నేమి? ప్రతి యింటి తీగయు కొంచెము రొదను తెచ్చును. సమానమైన రొద గల రెండిండ్లు కలసిన ఆ రొద బలము రెట్టింపగును. ఇంజనీర్ల కొలతలో రెట్టింపునకు సుమారు 3 డెసిబెల్ అందురు. పది యిండ్లు కలసిన 10 డెసిబెల్, నూఱిండ్లు కలసిన 20, ఐదు నూఱులు కలసిన సుమారు 27 డెసిబెల్. డెసిబెల్ లెక్క తెలిసిన పై తరగతి బాలురు దీనిని లాగరితము పట్టికతో సరిచూచుకొనవచ్చును. ఇది సహజమైన రొద లెక్క మాత్రమే. వదులైన కనెక్టరుగుండ బయటినుండి చొచ్చు రొదకు ఇట్టి మర్యాద యేదియు లేదు. ఒక్క యింటినుండి వచ్చి ఐదు నూఱుల యిండ్ల మాటను ముంచివేయగలదు.

ఇండ్లన్నియు ఒకే తీగమీద మాటలాడుచుండగా మాటలు కలిసిపోవా యని అడుగుదురు. తరగతిగదిలో మనము చేయు పనినే కేంద్రపు యంత్రమును చేయును. పిల్లవాడు చేయి యెత్తును. ఉపాధ్యాయుడు పేరు పిలిచినప్పుడే లేచి చెప్పును. మోడెమును అట్లే మొదట చిన్న విన్నపము పంపి, తన వంతు వచ్చిన లిప్తలో తునకగా మాటలాడి ఊరకుండును. దూరపు బెంచీవాడు గట్టిగాను, ముందు బెంచీవాడు మెల్లగాను చెప్పిన ఉపాధ్యాయునకు ఇద్దఱి కంఠమును సమముగా వినబడునుగదా! కేంద్రమును ప్రతి మోడెమునకు "కొంచెము పెంచుము, కొంచెము తగ్గింపుము" అని మాటిమాటికి చెప్పుచు, అందఱి బలమును ఒక్క మట్టమునకు తెచ్చును. ఒక మోడెము పెంచి పెంచి 50 డెసిబెల్-మిల్లివోల్టులు దాటి అఱచుచున్నదనిన, దానికిని కేంద్రమునకును నడుమ నెచ్చటనో దారి పూడుకొనినదని తెలిసికొనవలెను. తలిదండ్రులు ఈ యంకెను తామే చూడవచ్చును. అనేక కేబులు మోడెములలో బ్రౌజరునందు 192.168.100.1 అని వ్రాసిన ఒక పుట తెఱచుకొనును. అందు ఎగువదారి బలమును, "టి3 టైమవుటు" అను ఫిర్యాదులును ఉండును. టి3 అనగా మోడెము పిలిచినది, కేంద్రమునుండి సమాధానము రాలేదు అని యర్థము.

ఇక పరికరము. కేబులు పనివారు వాడు స్పెక్ట్రమ్ ఎనలైజరు పైకి చూచుటకు పెద్ద టార్చిలైటుతో పోల్చదగిన బరువైన పెట్టె. ముందు ఒక తెఱ యుండును. తెఱమీద ఎడమనుండి కుడికి ఫ్రీక్వెన్సీ, క్రిందినుండి పైకి బలము. 5 మొదలు 65 మెగాహెర్ట్జ్ వఱకు తెఱమీద పఱచిన, అడుగున గడ్డినేలవంటి గీత కనబడును. అది రొద మట్టము. దానిపై మోడెములు మాటలాడు చానలు ఒక మిద్దెవలె లేచియుండవలెను. ఆ మిద్దె వెడల్పు 1.6 గాని, 3.2 గాని, 6.4 మెగాహెర్ట్జ్ గాని యుండును.

ఇచ్చట మొదటి చిక్కు. మోడెములు తునకలుగా మాటలాడును గనుక, మామూలు చూపుతో చూచిన మిద్దె ఒకసారి కనబడును, ఒకసారి కనబడదు. సగటు చూపించుమని పరికరమునకు చెప్పిన, మాట లేని క్షణములుకూడ కలసి మిద్దె ఉన్నదానికంటె పొట్టిగా కనబడును. దీనిని చూచి "బలము చాలలేదు" అని యాంప్లిఫైయరును త్రిప్పుట తొందరపాటు. అట్లు త్రిప్పినచో మాటతోపాటు రొదయు పెరుగును, లాభము సున్న. అందుచేత అత్యధికమును పట్టియుంచు చూపును, అనగా మ్యాక్స్ హోల్డును, పెట్టి కొన్ని నిమిషములు కదలక కూర్చుండవలెను. వచ్చి పోవు ప్రతి దొంగయు తన అడుగుజాడను ఆ తెఱమీద విడిచిపోవును.

ఆ జాడలు చదువుట అనుభవముమీద వచ్చు విద్య. సన్నని ముండ్లు 6, 7, 9, 12 మెగాహెర్ట్జ్‌ల దాపున లేచినవనిన, అవి దూరదేశపు షార్ట్‌వేవ్ రేడియో ప్రసారములు. ఆకాశపు పై పొరలలో రాత్రి జరుగు మార్పువలన వీనిలో క్రింది ఫ్రీక్వెన్సీలవి సాయంత్రముకాగానే బలియును. పగలు వచ్చి చూచి "అంతయు బాగున్నది" అని పోయిన పనివానిమాట రాత్రి పాఠమునకు పనికిరాదు. 27 దగ్గఱ ముల్లు కొన్ని దేశములలో లారీవారును సామాన్యులును వాడు రేడియోలది. తెఱ యడుగుననున్న తక్కువ ఫ్రీక్వెన్సీలలో గుబురుగా లేచి కుడివైపునకు వాలుచు తగ్గునది విద్యుత్తు మోటార్లు, రెగ్యులేటర్లు, ఎక్కడనో నిప్పురవ్వ కొట్టుచున్న తీగ వీని పని. ఇది రెప్పపాటులో వచ్చి పోవును.

డెల్టా గాలికి ప్రత్యేకమైనది మఱియొకటి కలదు. తేమకు కనెక్టరులోని లోహము పొరకట్టిన, ఆ పొర కరెంటును ఒకవైపునకే బాగుగ పోనిచ్చు డయోడువలె పనిచేయును. అప్పుడు దిగువదారిలోని చానళ్లు అచ్చట ఒకదానితోనొకటి కలసి, క్రొత్త ఫ్రీక్వెన్సీలను పుట్టించి, వానిని ఎగువదారిలోనికి త్రోయును. అనలాగు చానళ్ల కాలమున ఇవి సమానదూరములలో కంచె గుంజలవలె నిలిచి సులభముగ దొరకెడివి. డిజిటలు చానళ్లు వచ్చిన పిమ్మట గుంజలు పోయి నేల యంతయు ఉబ్బినట్లు కనబడుచున్నది, దొరకుట కష్టమైనది. పైగా ఇది బహు టక్కరి దోషము. కనెక్టరును వ్రేలితో తట్టిన చాలు, పొర చెదరి తాత్కాలికముగా మాయమగును. పనివాడు స్తంభమెక్కి మూత తీయగానే జబ్బు కుదిరినట్లుండి, వాడు దిగి పోయిన రెండు దినములకు మరల మొదలగును. అట్టివేళ తట్టి విడువక ఆ కనెక్టరును కోసి క్రొత్తది వేయుటయే మందు.

ముండ్లు చానలు ప్రక్కన లేచిన కనబడును. చానలు మిద్దె క్రిందనే దాగిన నెట్లు? దీనికొఱకు పరికరమును ఒక్క ఫ్రీక్వెన్సీకడ నిలిపి, ఎడమనుండి కుడికి కాలమును పఱచుదురు. దీనిని జీరో స్పాన్ అందురు. అప్పుడు మోడెముల మాటలు గోడలవలెను, వాని నడుమ మౌనము సందులవలెను కనబడును. ఆ సందులలో నేల యెంత ఎత్తున నున్నదో చూచిన, మాట వెనుక దాగిన రొద బయటపడును. ఎగువదారి పరీక్షలలో మేము మిక్కిలి మెచ్చునది ఇదియే. మాట నడుమనుండు మౌనమును వినుటచే దోషమును పట్టుట ఎంత చమత్కారము!

రెండవ తెఱ కాన్‌స్టెలేషన్, అనగా చుక్కల పటము. మోడెము ప్రతి సంకేతమును ఒక బల్లమీది గడిలో చుక్క పెట్టినట్లు పంపును. గడులు నాలుగైన సంకేతమునకు 2 బిట్లు, పదునాఱైన 4 బిట్లు, అఱువదినాలుగైన 6 బిట్లు. కోనేరు హంపి పుట్టిన గుడివాడకు దాపున నున్న మన పిల్లలకు ఎనిమిది ఎనిమిదుల బల్లను వర్ణింప నక్కఱలేదు. 6.4 మెగాహెర్ట్జ్ చానలులో సెకనుకు 51 లక్షల 20 వేల సంకేతములు పోవును. ఆఱు బిట్ల బల్లతో అది సెకనుకు 30.72 మెగాబిట్లు, నాలుగు బిట్లతో 20.48, రెండు బిట్లతో 10.24. ఈ మొత్తమును ఆ చానలుమీది యిండ్లన్నియు పంచుకొనవలెను. రొద హెచ్చినప్పుడు చుక్కలు ప్రక్క గడిలోనికి జారును. అప్పుడు కేంద్రము పెద్ద గడుల బల్లకు దిగును. దారి తెగకుండును గాని అందఱి వాటాయు మూడవ వంతునకు పడిపోవచ్చును.

చుక్కలు గడి నడుమ బిగువుగా నున్న ఆరోగ్యము. దూదివలె పొంగిన సామాన్యమైన రొద. ప్రతి చుక్కయు గాజువలె గుండ్రని వలయమైన, ఒక్క ఫ్రీక్వెన్సీలో నిలిచి మ్రోయు దొంగ యున్నాడని గుర్తు. మూలల చుక్కలు లోనికి నొక్కుకొనిన, ఏదో యాంప్లిఫైయరుగాని, వీధి పెట్టెలోని లేజరుగాని మోయలేని బలముతో నలుగుచున్నది. చుక్క తన చోటినుండి ఎంత చెదరినదో చెప్పు అంకెకు ఎమ్.ఇ.ఆర్. అని పేరు. 64 గడుల బల్లకు ఇది 30 డెసిబెల్ దాపున నుండుట మేలు. 30 డెసిబెల్ అనగా మాట బలము చెదరుటకంటె వేయి రెట్లు. అయితే ఎమ్.ఇ.ఆర్. ఒక్కటే చూచి తృప్తిపడుట మాకు సమ్మతము కాదు. అది సగటు అంకె. రెప్పపాటు రొద దానిలో మునిగిపోవును. బాలుని జవాబు తునుకలగునది ఆ రెప్పపాటులోనే.

దోషమున్నదని తెలిసినది. ఎక్కడ? బుడమేటిలో బురద ఏ వాగుదో తెలియవలెనన్న నీటివెంట పైకి నడువవలెను. ప్రతి సంగమముకడ నిలిచి, రెండు పాయలలో ఏది మురికియో చూచి ఆ పాయ పట్టుకొని పోవలెను. పనివాడును అట్లే చేయును. మొదట గాజుతంతి వచ్చి రాగి కేబులుగా మాఱు నోడ్ పెట్టెకడ పరికరమును తగిలించును. అచ్చటినుండి మూడు నాలుగు పాయలు పోవును. ఒక్కొక్క పాయ తిరుగుదారిలో ఒక చిన్న నిరోధమును క్షణకాలము పెట్టి చూచును. ఏ పాయలో పెట్టినప్పుడు తెఱమీది రొద ఆ మేరకు దిగునో ఆ పాయలో దొంగ యున్నాడు. తీగ పూర్తిగా ఊడదీసినను తెలియును. కాని అప్పుడు నిర్దోషుల యిండ్లలో పాఠము తెగును. ఇట్లు యాంప్లిఫైయరు వెంట యాంప్లిఫైయరు, ట్యాపు వెంట ట్యాపు నడచి, తుదకు ఒక్క యింటి గుమ్మము చేరును.

ఆ యింట తఱచుగా కనబడునదేమి? స్ప్లిట్టరునకు ఒక రంధ్రము మూత లేక తెఱచియుండును. లేదా రెండు తీగలను చేతితో మెలిపెట్టి ఇన్సులేషను టేపు చుట్టియుందురు. లేదా డాబామీద ఎండకు పగిలిన పాత తీగ ఏ పెట్టెకును తగులక ఆంటెనావలె వ్రేలాడుచుండును. ఆ యింటివారికి మోడెమే లేకపోవచ్చును. వారి టెలివిజను చక్కగా పలుకుచుండును. తమ గోడమీది ఊడిన తీగవలన నాలుగు వీధుల అవతల ఒక బాలుని మాట మునిగినదని వారెట్లు ఎఱుగుదురు? పౌలు కొరింథీయులకు వ్రాసిన పత్రికలో అవయవములనుగూర్చి చెప్పిన పోలిక మాకిచ్చట జ్ఞప్తికి వచ్చును. ఇట్టి యింటివారిని గద్దించు పనివారును కలరు, అది తగదు. టెలివిజను మాత్రమే చూచు ఇండ్లకు ఎగువదారి ఫ్రీక్వెన్సీలను పోనీయని చిన్న ఫిల్టరును తగిలించి, తెఱచియున్న రంధ్రమునకు 75 ఓముల మూత బిగించి, క్రొత్త కనెక్టరు వేసిన పని తీఱును. పిమ్మట మరల నోడ్‌కడకు పోయి రొద నిజముగా దిగినదో లేదో చూడవలెను. ఈ కడపటి నడక మానుటచేతనే అనేక మరమ్మతులు మరమ్మతులు కాకపోవుచున్నవి.

ఇప్పుడు గాజుతంతి కాలమువచ్చినదిగదా యందురేమో. నిజమే. 2015లో స్థాపింపబడిన ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ సంస్థ విద్యుత్తు స్తంభములమీదుగా గాజుతంతిని గ్రామములకు తీసికొనిపోయెను. 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్‌గారు ఆ పథకమును ప్రారంభించిరి. గాజుతంతికి షార్ట్‌వేవ్ బాధ లేదు, త్రుప్పు డయోడు లేదు. కాని ఇండ్లకు వేయు జిపాన్ పద్ధతిలోను ఎగువదారి కేంద్రపు ఒక్క ద్వారముననే చేరును. కేంద్రము 1490 నానోమీటర్ల వెలుగుతో సెకనుకు సుమారు 2.5 గిగాబిట్లు పంపగా, ఇండ్లన్నియు 1310 నానోమీటర్ల వెలుగుతో సుమారు 1.25 గిగాబిట్లను వంతులవారీగా పంచుకొనును. ఒక యింటి పెట్టె చెడి, తన వంతు కానప్పుడును లేజరును వెలిగించియుంచిన, ఆ పాయలోని ఇండ్లన్నియు మూగవోవును. అచ్చటను వెదకు పద్ధతి పాతదే: ఒక్కొక్క యింటి తంతిని వేఱుచేసి, ఎవరిది తీసినప్పుడు మిగిలినవారు పలికిరో చూచుట.

తిరిగి రాగితీగ కడకు వచ్చిన, దాని శత్రువులను వినుటకు మన బాలురకు ఖరీదైన పరికరము అక్కఱలేదు. షార్ట్‌వేవ్ గల పాత ట్రాన్సిస్టరు రేడియో ఏ తాతగారి బీరువాలోనైనను దొరకును. అది పట్టు 6 మొదలు 18 మెగాహెర్ట్జ్‌ల మేర ఎగువదారి గదిలోనిదే. స్టేషను లేని చోట ముల్లును నిలిపి, ఫ్యాను రెగ్యులేటరును త్రిప్పుడు, మిక్సీ వేయుడు, ట్యూబులైటు వెలిగింపుడు. ఏది వేసినప్పుడు చిటపటలు హెచ్చినవో, రేడియోను ఎంత దూరము జరిపిన తగ్గినవో, మధ్యాహ్నమునకును రాత్రి ఎనిమిది గంటలకును ఏమి భేదమో, వేళ వేసి నోటుపుస్తకమున వ్రాసికొని తరగతికి తీసికొనిరండు.